ఈ రాయిలో బంగారం ఉందా అని అడిగే ముందు ఏం చూడాలి

ఊళ్ళో బోరు వేస్తుంటే మెరిసే పొడి వచ్చింది, పొలంలో దొరికిన తెల్ల పలుగురాయిలో పసుపుగా ఏదో తళుక్కుమంటోంది, ఇది బంగారమేనా కాస్త చూసి చెప్పు అంటూ ఫోటోలు పంపే చుట్టాలు హైదరాబాద్‌లో జియాలజీ చదివిన ప్రతి ఒక్కరికీ ఉంటారు. ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు. రాయిని చేతిలో పెట్టుకుని చూసినా చాలాసార్లు చెప్పలేం, ఎందుకంటే గనుల్లో తవ్వే బంగారంలో ఎక్కువ భాగం కంటికి ఆననంత సన్నగా ఉంటుంది. కానీ ఆ రాయి ఏ ఊరిది, దాని చుట్టూ ఏ రాళ్ళున్నాయి, అవి ఎలా నలిగి ఉన్నాయి అన్నది తెలిస్తే జవాబులో పెద్ద భాగం అక్కడే దొరుకుతుంది. కాబట్టి మెరుపును కాసేపు వదిలేసి చుట్టుపక్కల నేలను చదవడం ఎలాగో చెప్తాను.

ముందు ఒక లెక్క. వెయ్యి టన్నుల మామూలు రాతిలో ఒకటి నుంచి నాలుగు గ్రాముల దాకా బంగారం ఉంటుంది, అంటే బొత్తిగా బంగారం లేని రాయంటూ లేదు. గని నడవాలంటే మాత్రం ఒక్క టన్నులోనే కొన్ని గ్రాములు కావాలి. టన్నుకు ఐదు గ్రాములంటే మంచి ఖనిజమే, అయినా ఆ ఐదు గ్రాములూ ఘన సెంటీమీటరులో పావు వంతు చోటులో పట్టేస్తాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్నదాన్ని భూమి వెయ్యి రెట్లకు పైగా ఒకచోట పోగు చెయ్యాలి. దానికి మూడు కావాలి: బంగారాన్ని కరిగించి మోసుకొచ్చే వేడినీళ్ళు, ఆ నీళ్ళు పైకి రావడానికి ఒక దారి, దారి మధ్యలో బంగారాన్ని దింపించే రాయి. మీరు వెతకాల్సింది ఈ మూడింటి గుర్తులు.

ముందు మన కాళ్ళ కింద రాయి చూడండి

బంజారాహిల్స్ బండలు, గోల్కొండ గుట్ట, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. వీటిలో తవ్వుకునేంత బంగారం లేదు. అయినా మొదటి పాఠం వీటి దగ్గరే నేర్చుకోవాలి, ఎందుకంటే ఏది కాదో తెలియకపోతే ఏది అవునో తెలీదు. కొత్తగా పగిలిన ముక్క ఒకటి తీసుకుని పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి చూడండి, గులాబీ, తెలుపు రంగు ఫెల్డ్‌స్పారు, బూడిదరంగు పలుగు, మధ్యలో నల్లటి రేకులుగా అభ్రకం కనిపిస్తాయి. ఆ నల్ల అభ్రకమే ఎండకీ వానకీ మగ్గితే ఇత్తడి రంగుకు తిరిగి మెరుస్తుంది. చుట్టుపక్కల బోర్లలో వచ్చే మెరుపు చాలావరకు ఇదే, కాకిబంగారం.

నల్లరాళ్ళ విషయంలో ఇంకాస్త జాగ్రత్త. గ్రానైటును నిలువుగా చీల్చుకుంటూ తిన్నగా పోయే నల్లటి డోలరైటు గోడలు నగరం చుట్టూ చాలా ఉన్నాయి, వాటిలో పొరలుండవు, ఎటు కొట్టినా ఒకేలా గట్టిగా పగులుతాయి. ఇక పడమటగా చేవెళ్ళ, వికారాబాద్ వైపు పోతే ఎర్రచల్క పోయి నల్లరేగడి వస్తుంది, అక్కడ కింద ఉన్నది దక్కన్ లావా. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. అదీ అగ్నిపర్వత రాయే, కానీ అది ఎప్పుడూ లోతుకు దిగి ఉడకలేదు, నలగలేదు. పోసినప్పుడు ఎలా పరుచుకుందో ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. అందుకే ఆ రేగడి చూసి ఆశ పెట్టుకోవద్దు. అగ్నిపర్వత రాయి ఉంటే చాలదు, అది పడిన కష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

మ్యాపులో సన్నటి పట్టీలు

జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా నడిపే భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. తెరిచి మన రాష్ట్రాల దక్షిణ భాగం, పక్కన తూర్పు కర్ణాటక చూడండి. గ్రానైటు జాతి రాళ్ళ విశాలమైన రంగు మధ్యలో ఉత్తర దక్షిణాలుగా, ఒక్కోసారి కాస్త వాయవ్యానికి వాలి, పొడవుగా సన్నగా సాగే పట్టీలు కనిపిస్తాయి. వీటినే షిస్టు పట్టీలు, గ్రీన్‌స్టోన్ బెల్టులు అంటారు. షిస్టు అంటే వేడికీ ఒత్తిడికీ మారి రేకులు రేకులుగా చీలే రాయి. మనకు దగ్గర్లో నాగార్జునసాగర్ వైపు పెద్దవూర పట్టీ ఉంది, కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల పట్టీ ఉంది. రాయచూరు దాటి లింగసుగూరు వైపు హట్టి–మస్కి, కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర జొన్నగిరి, అనంతపురం వైపు రామగిరి, వీటన్నిటికీ దక్షిణాన సుమారు 80 కిలోమీటర్ల పొడవున కోలారు. పెద్దవూర, గద్వాల పట్టీల్లో బంగారు గనులు లేవు, కానీ రాళ్ళు నేర్చుకోవడానికి మనకు అందుబాటులో ఉన్న చోట్లు అవే. కర్నూలు రోడ్డు మీద ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరిగాక మట్టి రంగు, గుట్టల ఆకారం గమనిస్తూ పోండి. గ్రానైటు గుట్ట గుండ్రటి బండలుగా పేర్చినట్టుంటుంది, షిస్టు ఉన్నచోట నేల చదునుగా ముదురు రంగులో ఉండి, మధ్యలో ఎక్కడైనా ఇనుపరాతి గట్టు సన్నగా నిలబడుతుంది.

ఈ పట్టీల కథ సముద్రం అడుగున మొదలైంది. సుమారు 270 కోట్ల ఏళ్ళ కింద నీళ్ళలోకి పొంగిన లావా పైపైన గట్టిపడి గుండ్రటి దిమ్మలుగా పేరుకుంది, వాటినే పిల్లో లావాలు అంటారు. కోలారు దగ్గర ఇలాంటి లావాల చోటు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం కూడా. లావా పొరల మధ్య బూడిద, బురద, ఇసుక పడ్డాయి, ఇనుమూ సిలికా మార్చి మార్చి దిగిన చారల రాళ్ళు ఏర్పడ్డాయి. ఆ తర్వాత గ్రానైటు పొంగి ఈ మొత్తాన్ని రెండు పక్కల నుంచి నొక్కేసింది, అందుకే పడుకుని ఉండాల్సిన పొరలు ఇప్పుడు దాదాపు నిలువుగా నిలబడి ఉంటాయి.

అలా నొక్కుకుపోయి లోతుకు దిగిన లావా సుమారు 500 డిగ్రీలకు వేడెక్కేసరికి, దాని ఖనిజాల్లో బందీగా ఉన్న నీరు బయటికి వచ్చింది. ఆ నీళ్ళలో ఉప్పు తక్కువ, కార్బన్ డయాక్సైడు, గంధకం ఉన్నాయి. బంగారం మామూలు నీళ్ళకు కరగదు గానీ గంధకంతో జతకట్టి ఇలాంటి వేడినీళ్ళలో కరిగి పోగలదు. ఆ నీళ్ళు పెద్ద పెద్ద చీలికలు పట్టుకుని పైకి వచ్చాయి. చీలిక మూసుకుపోయి కింద ఒత్తిడి పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా తెగడం, అప్పుడు భూకంపం, ఒత్తిడి ఢమాలున పడిపోవడం, పలుగు గడ్డకట్టి చీలిక మళ్ళీ మూసుకుపోవడం, ఇది కుక్కర్ విజిల్ మాదిరిగా వందల వేలసార్లు జరిగింది. ఒత్తిడి పడిన ప్రతిసారీ కాస్త బంగారం దిగింది. ఇదంతా సాధారణంగా ఐదు నుంచి పదిహేను కిలోమీటర్ల లోతున, 250 నుంచి 400 డిగ్రీల వేడిలో జరిగిన పని. మనం ఇప్పుడు నిలబడేది ఆ లోతు మీద, పైనున్నదంతా ఎప్పుడో కొట్టుకుపోయింది.

బంగారం దిగడానికి ఇంకో కారణం ఇనుము, నా దృష్టిలో నేర్చుకునేవాళ్ళు అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. ఇనుము ఎక్కువున్న రాయి గుండా ఆ నీళ్ళు పోతే గంధకం ఇనుముతో కలిసి పైరైటు అయిపోతుంది. తోడు పోయిన బంగారం నీళ్ళలో నిలవలేదు, అక్కడే దిగిపోతుంది. నల్లటి లావా రాయిలో, చారల ఇనుపరాతిలో ఇనుము దండిగా ఉంటుంది, మామూలు గ్రానైటులో తక్కువ. ఈ పట్టీలు దాటి గ్రానైటులోకి వెళ్ళగానే గనులు ఎందుకు దాదాపు ఆగిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. దాదాపు అన్నాను, ఎందుకంటే జొన్నగిరిలో లాగా పట్టీ అంచున బాగా నలిగిన గ్రానైటు జాతి రాతిలోనూ బంగారం ఉంది, అక్కడ చీలికే ఎక్కువ పని చేసింది.

పలుగురాయి ముందు నిలబడ్డప్పుడు

తెల్ల పలుగు ఎక్కడ చూసినా ఉంటుంది. పాలలా తెల్లగా, గుట్టంత లావుగా, గ్రానైటు మధ్యలో నిలబడ్డ పలుగు గోడలు చాలావరకు ఖాళీవే. మీకు కావాల్సిన పలుగు వేరు. అది షిస్టు పొరలతో పాటు అదే దిక్కుకు సాగుతుంది, రంగు బూడిద లేదా నీలిబూడిద వైపు ఉంటుంది, పగలగొట్టి చూస్తే లోపల సన్నటి నల్లని గీతలు వరసగా ఉంటాయి. ఆ గీతలు చీలిక తెరుచుకున్న ప్రతిసారీ లోపల ఇరుక్కున్న పక్కరాతి పొరలు. గీతలు ఎక్కువుంటే నీళ్ళు చాలాసార్లు వచ్చిపోయాయని అర్థం.

తర్వాత తుప్పు చూడండి. పలుగులో చతురస్రంగా చిన్న చిన్న గుంటలు, వాటిలో ఎర్రటి తుప్పు ఉంటే ఒకప్పుడు అక్కడ పైరైటు స్ఫటికాలు ఉండేవి, అవి కరిగిపోయాయి. ఆ గుంటల్లో బంగారం ఉంటే కరగకుండా మిగిలిపోతుంది కాబట్టి భూతద్దం ముందు అక్కడ పెట్టాలి.

పలుగు కన్నా దాని పక్కరాయి ఎక్కువ చెప్తుంది, చాలామంది దాన్ని తొక్కుకుంటూ పోతారు. పలుగు నుంచి రెండు అడుగులు అటూ ఇటూ జరిగి చూడండి. గట్టి నల్లరాయి ఉన్నట్టుండి రేకులు రేకులుగా మెత్తబడిందా, ముదురు గోధుమరంగు అభ్రకం పెరిగిందా, ఆకుపచ్చ క్లోరైటు వచ్చిందా, ఇనుము కలిసిన కార్బొనేటు మగ్గి గోధుమరంగు మచ్చలు పడ్డాయా అని. ఇవన్నీ వేడినీళ్ళు పక్కరాతిలోకి ఇంకాయనడానికి గుర్తులు. హట్టిలో ఖనిజం చుట్టూ నల్ల అభ్రకం ఇలాగే పెరిగి ఉంటుంది. కోలారులో తూర్పున ఛాంపియన్ లోడు (లోడు అంటే ఖనిజం ఉన్న తీగ) అంటే పలుగులో నేరుగా బంగారం, గంధక ఖనిజాలు తక్కువ, అదే పట్టీలో పడమటి లోడుల్లో గంధక ఖనిజాలతో కలిసిన బంగారం. ఒకే ఊళ్ళో రెండు రకాలు ఉన్నాయంటే పలుగు లేనిచోట కూడా చూడాల్సిందేనన్నమాట.

పాతవాళ్ళు వదిలిన గుర్తులూ చదవండి. పొడవుగా సన్నగా పోయే గోతులు, పొడిచేసిన పలుగు కుప్పలు, బండ మీద రాయి నూరిన గుండ్రటి గుంటలు. హట్టిలో ప్రాచీనులు దాదాపు రెండు వేల ఏళ్ళ కింద, మంట పెట్టి రాయిని పగలగొట్టుకుంటూ, 600 అడుగులకు పైగా లోతుకు దిగారు. మస్కిలో అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనాన్ని 1915లో కనిపెట్టింది సి. బీడన్, ఆయన బంగారం వెతికే ఇంజనీరు. జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడిలోనూ అశోకుడి శాసనాలున్నాయి, ఈ శాసనాలు ఇక్కడ ఉండటానికీ బంగారానికీ సంబంధం ఉందని కొందరు చరిత్రకారుల మాట. హట్టి కంపెనీ కూడా 1947లో నిజాం హయాంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతోనే పుట్టింది.

చేతిలోని మెరుపుకు పరీక్షలు

ఎండలో కాదు, నీడలోకి తీసుకెళ్ళి తిప్పుతూ చూడండి. బంగారం ఎటు తిప్పినా అదే రంగు, అభ్రకమూ పైరైటూ ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో ఆరిపోతాయి. సూదితో గుచ్చితే బంగారం నొక్కుకుపోతుంది, పైరైటు పొడిగా చిట్లుతుంది, అభ్రకం రేకుగా లేస్తుంది. టైల్ వెనకవైపు గరుకుగా ఉంటుంది కదా, దాని మీద గీయండి, బంగారం గీత పసుపు, పైరైటు గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. ఒకటి నుంచి పది దాకా ఉండే మోస్ కొలతలో పైరైటుకు గట్టిదనం ఆరు దాటి ఉంటుంది, బంగారానికి మూడు లోపే. సుత్తితో కొట్టినప్పుడు వెల్లుల్లి వాసన వస్తే అది ఆర్సెనోపైరైటు, వెండి తెలుపు రంగులో ఉంటుంది. బంగారానికి అది మంచి తోడే గానీ దానిలో ఆర్సెనిక్ అనే విషం ఉంది, చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దు, ఆ రాయిని ఇంట్లో పొయ్యి మీద అస్సలు కాల్చొద్దు.

చారల ఇనుపరాతి దగ్గర ఒక అయస్కాంతం జేబులో ఉండాలి. ఎర్రటి, నల్లటి పొరలు మార్చి మార్చి ఉన్న ఆ రాయికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది. పొర వెంబడే జరుపుకుంటూ పోండి, పలుగు తీగలు అడ్డంగా కోసినచోట పట్టు తగ్గిపోయి పైరైటు కనిపిస్తే, అయస్కాంత ఖనిజంలోని ఇనుమును గంధకం తీసుకుందన్నమాట, ఇంతకుముందు చెప్పిన చర్య మీ కళ్ళ ముందే ఉంది. తుప్పు పట్టినా పట్టు తగ్గుతుంది కాబట్టి తాజాగా పగిలిన ముఖం మీదే చూడాలి. చిత్రదుర్గ పట్టీలో అజ్జనహళ్ళి ఇలాంటి ఇనుపరాతి బంగారమే, అమెరికాలో 2002లో మూసేసిన హోమ్‌స్టేక్ గని కూడా ఇనుము నిండిన ఇలాంటి అవక్షేప రాతిదే. గదగ్‌లో అయితే లావాలతో పాటు, ఇసుకా బురదా కలిసి గట్టిపడిన గ్రేవాకే రాతిలోనూ బంగారం ఉంది. అవక్షేప రాళ్ళను పనికిరానివని పక్కన పెట్టకూడదని ఇందుకే అంటున్నాను.

అవక్షేపాల్లో పూర్తిగా ఇంకో దారి కూడా ఉంది, దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్. 1886లో బయటపడిన ఆ గులకరాళ్ళ పొరల నుంచి ప్రపంచం ఇప్పటిదాకా తీసిన బంగారంలో సుమారు మూడో వంతు వచ్చింది. 280, 290 కోట్ల ఏళ్ళ కింద నదులు తెచ్చిపోసిన పలుగు గులకలు అవి, వాటి మధ్య పైరైటు కూడా గులకల్లా గుండ్రంగా అరిగి ఉంది. ఇప్పటి గాలిలో పైరైటు నదిలో అంత దూరం దొర్లితే తుప్పై పోతుంది. అప్పటి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు కాబట్టి మిగిలింది. అసలు ఆ బంగారాన్ని నది తెచ్చిందా, తర్వాత వేడినీళ్ళు తెచ్చాయా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది, నది తెచ్చినదాన్ని వేడినీళ్ళు తర్వాత కొంత కదిపాయన్న మాటే నాకు సబబుగా అనిపిస్తుంది. కర్ణాటకలో బాబాబుడన్ కొండల అడుగు పొరల్లో పైరైటు, యురేనియం ఖనిజం ఉన్న అంత పాత గులకరాళ్ళు ఉన్నాయి. మన బనగానపల్లె గులకరాయి మాత్రం గాలిలోకి ఆక్సిజన్ వచ్చాక చాలా కాలానికి ఏర్పడింది, అది పేరుపొందింది వజ్రాలకు.

నమూనా ఎలా తీయాలి, ఎవరికి ఇవ్వాలి

మెరిసే ముక్క ఏరుకుని టెస్టుకు ఇస్తే వచ్చే నంబరుకు అర్థం లేదు. తీగకు అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒకే వెడల్పున సన్నటి గాడిలా కొట్టి ఆ పొడి మొత్తం కలపాలి, పక్కరాయిని విడిగా ఇంకో సంచిలో వెయ్యాలి. బంగారం ఎక్కడో ఒక రవ్వలో ముద్దగా ఉంటుంది కాబట్టి ఒక సంచిలో టన్నుకు ఇరవై గ్రాముల లెక్కన, పక్క సంచిలో సున్నా రావచ్చు, అలా వస్తే కంగారు పడకుండా ఇంకా పెద్ద నమూనాలు తీయాలి. ల్యాబులో చేయాల్సింది ఫైర్ అస్సే. పొడిని సీసపు ఆక్సైడుతో కలిపి కరిగిస్తే బంగారం సీసంలోకి దిగుతుంది, తర్వాత ఆ సీసాన్ని పోగొడితే బంగారం, వెండి గుండు మిగులుతుంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో నగలకు వాడే ఎక్స్‌రే మిషన్లు టన్నుకు నాలుగైదు గ్రాముల స్థాయిని రాతిలో చూడలేవు, గీటురాయి అసలే చూడలేదు. అక్కడ అవునన్నా కాదన్నా పట్టించుకోకండి.

నంబరు వచ్చినా అది ఒక్క చోటిది. కోలారులో మొదట్లో టన్నుకు ముప్పై గ్రాములకు పైగా వచ్చేది, మూడు కిలోమీటర్లు దాటిన లోతుకు వెళ్ళి గ్రేడు, అంటే టన్నుకు వచ్చే బంగారం, బాగా పడిపోయాక 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. లోతు, వెడల్పు, తీగ పొడవు, తవ్వే ఖర్చు అన్నీ కలిస్తేనే గని.

ఖనిజాల చట్టం 1957 ప్రకారం లైసెన్సు లేకుండా బంగారం కోసం అన్వేషణ, తవ్వకం నేరం, పొలం మీ పేరున ఉన్నా సరే. పైన పడున్న రాయిని చూసి చదువుకోవడం వేరు, గొయ్యి తవ్వడం వేరు. శాసనాలున్న బండల మీద, స్మారకంగా ప్రకటించిన రాళ్ళ మీద సుత్తి ఆడించొద్దు. పాత గనుల గోతుల్లోకి దిగొద్దు, పై నుంచి ఊడిపడే రాయి ఒక భయమైతే కింద ఆక్సిజన్ లేని గాలి ఇంకా పెద్ద భయం. పాదరసంతో బంగారం తీయడం యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్ళున్నారు, ఆ ఆవిరి పిల్లల నరాలను పాడుచేస్తుంది, దయచేసి వద్దు.

నిజంగానే నలిగిన నల్లరాయి, గీతల పలుగు, పైరైటు, మారిపోయిన పక్కరాయి అన్నీ ఒకేచోట కనిపిస్తే ఫోన్‌లో లొకేషన్ పెట్టుకోండి, ఫోటోలో కొలత తెలిసేలా పెన్నో స్కేలో పెట్టండి, పొరలు ఏ దిక్కుకు సాగుతున్నాయో, ఎటు వాలుతున్నాయో కంపాస్‌తో చూసి రాయండి. అదే దిక్కున నడిచి తీగ మళ్ళీ ఎంత దూరంలో కనిపించిందో కూడా రాయండి, మధ్యలో ఎక్కడ మాయమైందో ఇంకా ముఖ్యం. ఆ కాగితం తీసుకుని బండ్లగూడలోని జియాలజికల్ సర్వే ఆఫీసుకు వెళ్తే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది, మెరిసే రాయి ఒక్కటే పట్టుకెళ్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది ఎక్కడిది, దీని పక్కన ఏ రాయి ఉంది అనే.